ఆమె పెద్ద, అతను చిన్న: ఈ ఐదు జపనీస్ డ్రామాల్లో ముందు ఏది చూడాలి?

కొరియన్ డ్రామాలు వరసపెట్టి చూసేసి ఇప్పుడు జపాన్ వైపు తిరిగినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆమె వయసులో పెద్ద, అతను చిన్న అనే ప్రేమకథలు జపాన్ టీవీలో ముప్పై ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి. వెతికితే పేర్లకు కొదవ లేదు. ప్రతి పోస్టర్ మీదా ఒక అందగాడు, తల పట్టుకున్న ఒక ఆఫీసు ఉద్యోగిని. పోస్టర్ చూసి ఎంచుకుంటే మాత్రం దెబ్బతింటారు. పైకి ఒకేలా ఉన్నా వీటిలో రెండు హాయిగా నవ్విస్తాయి, ఒకటి సగం దాటాక చీకటి దారి పడుతుంది, ఇంకోదాంట్లో ఈ ప్రేమ అసలు పక్కకథ.

నేను ఐదింటినే తీసుకున్నాను. 1996లో ఫుజీ టీవీలో వచ్చిన 'లాంగ్ వెకేషన్', 2003లో టీబీఎస్‌లో వచ్చిన 'కిమి వా పెట్టో', 2005 నాటి 'అనెగో', 2014 నాటి 'క్యో వా కైషా యసుమిమాసు' (ఈ రెండూ నిప్పాన్ టీవీవి), 2016లో టీబీఎస్‌లో వచ్చిన 'నిగేరు వా హాజి దగా యకు ని తత్సు'. ఈ చివరిదాన్ని జపాన్‌లో కూడా ఎవరూ పూర్తిగా పలకరు, 'నిగేహాజి' అంటారు. మనమూ అలాగే అందాం.

కావాలనే వదిలేసినవి రెండున్నాయి. 1999లో వచ్చిన 'మాజో నో జోకెన్', 2018లో వచ్చిన 'చూగాకుసెయ్ నిక్కి'. రెండూ పేరున్నవే, రెండింటి పేర్లూ ఇలాంటి జాబితాల్లో కనిపిస్తూనే ఉంటాయి. కానీ రెండింటిలోనూ ఆమె టీచర్, అతను మైనారిటీ తీరని విద్యార్థి. 2018 దాంట్లో అయితే పదిహేనేళ్ళ స్కూలు పిల్లాడు. అక్కడి సమస్య వయసు తేడా కాదు, కాబట్టి వీటి పక్కన పెట్టి పోల్చడం నాకు సరిగ్గా అనిపించలేదు.

## ఎంచుకునే ముందు ఏం చూసుకోవాలి

అందరూ మొదట అడిగేది "ఎన్నేళ్ళ తేడా?" అని. మన దగ్గర సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఆరు నెలలు పెద్దదని తెలిస్తే చాలు, జాతకాల దాకా పోకుండానే మాట ఆగిపోతుంది. అందుకే మన కళ్ళు ముందు ఆ అంకె మీదకే పోతాయి. ఈ ఐదింటిలో తేడా ఆరేడేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా ఉంది. కానీ ఏ డ్రామా మీకు నచ్చుతుందో ఆ అంకె చెప్పదు. తొమ్మిదేళ్ళ తేడా ఉన్న కథ కాలేజీ ప్రేమలా తేలిగ్గా నడిస్తే, పదేళ్ళ తేడా ఉన్న ఇంకో కథ గుండె బరువెక్కిస్తుంది.

అంతకంటే పనికొచ్చే ప్రశ్న, ఇద్దరూ జీవితంలో ఎక్కడ నిలబడి ఉన్నారని. ఇల్లు ఎవరిది? జీతం ఎవరికి ఎక్కువ? ఒకరు పెళ్ళి గురించి ఆలోచిస్తుంటే రెండోవాళ్ళు పరీక్షల గురించి ఆలోచిస్తున్నారా? కథలో గొడవలన్నీ ఇక్కడినుంచే పుడతాయి.

నాకు అన్నిటికంటే బాగా పనిచేసిన కొలమానం మాత్రం ఇంకోటి: ఆమె దేనికి భయపడుతోంది? ఐదుగురు హీరోయిన్లకీ ఐదు వేరువేరు భయాలు. మీకు తెలిసిన భయం ఎవరిదో చూసుకుని ఆ డ్రామా పెట్టుకుంటే దాదాపుగా గురి తప్పదు.

నిడివి గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. జపాన్ టీవీలో ఏడాదిని మూడేసి నెలల చొప్పున నాలుగు భాగాలు చేసి డ్రామాలు వేస్తారు. వారానికో ఎపిసోడ్, పదీ పదకొండుకి కథ ముగింపు. ఎపిసోడ్ ముప్పావుగంట, మొదటిదీ చివరిదీ కాస్త ఎక్కువ. పదహారు గంటల కొరియన్ కథకి అలవాటుపడ్డవాళ్ళకి ఇది శని, ఆదివారాల్లో తేలిపోయే వ్యవహారం. ఐదూ సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూడాల్సినవే, వంట చేస్తూ చెవి పారేసి వినేవి కావు.

| డ్రామా | ఏడాది, ఎపిసోడ్లు | జంట | తేడా | ఆమె భయం | కథ తీరు |
|---|---|---|---|---|---|
| లాంగ్ వెకేషన్ | 1996, 11 | మినామి, సెనా | ఆరేడేళ్ళు | టైమ్ దాటిపోయిందని | తేలిక, కాస్త దిగులు |
| కిమి వా పెట్టో | 2003, 10 | సుమిరే, మోమో | ఇరవైల చివర ఆమె, ఇరవై దగ్గర అతను | బలహీనంగా కనిపిస్తానని | వింత, వెచ్చన |
| అనెగో | 2005, 10 | నవోకో, కురోసావా | పదేళ్ళు | మళ్ళీ తప్పటడుగు వేస్తానని | ముందు సరదా, తర్వాత బరువు |
| క్యో వా కైషా యసుమిమాసు | 2014, 10 | హనాయె, తనోకురా | తొమ్మిదేళ్ళు | నవ్వులపాలవుతానని | పూర్తిగా కామెడీ |
| నిగేహాజి | 2016, 11 | యురి, కజామి | పదిహేడేళ్ళు | లోకం ఏమంటుందోనని | సరదా, లోపల పదును |

## లాంగ్ వెకేషన్: తాతల నాటిదైనా ముందుండేది

పెళ్ళి రోజున పెళ్ళికొడుకు కనిపించకుండా పోతాడు. తెల్లటి పెళ్ళి కిమోనోలో, తల మీద అలంకారం అలాగే ఉండగా, మినామి వీధుల్లో పరిగెత్తుకుంటూ అతని ఫ్లాట్‌కి వస్తుంది. తలుపు తీసేది అతని రూమ్‌మేట్ సెనా. పెళ్ళికొడుకు వెళ్ళిపోయాడు. చేతిలో డబ్బుల్లేవు, మోడలింగ్ అవకాశాలు తగ్గిపోతున్నాయి, ముప్పై దాటింది. ఆ ఖాళీ గదిలోనే దిగిపోతుంది.

సెనాకి 24. పియానో బాగా వాయిస్తాడు, కానీ పై చదువుకి ప్రవేశం దొరక్క పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాడు. మినామిగా యామాగుచి తొమోకో, సెనాగా కిమురా తకుయా. కితాగావా ఎరికో రాసిన సంభాషణలు ఇప్పటికీ పాతబడలేదు. ఇద్దరూ గదిలో కూర్చుని చేసుకునే వాదనలు వింటుంటే ఎవరో రాసిచ్చిన మాటల్లా ఉండవు. ఆ మూడో అంతస్తు కిటికీలోంచి చిన్న రబ్బరు బంతిని కింద రోడ్డు మీదికి వదిలితే అది ఎగిరి మళ్ళీ చేతిలోకి వచ్చే సీన్ ఒకటుంది. ఇద్దరి మధ్య మొదటిసారి ఏదో కుదిరిందని మనకి తెలిసేది అక్కడే. ప్రేమ మాట ఒక్కటి కూడా ఉండదు.

జీవితంలో ఏదీ కలిసిరాని రోజుల్ని దేవుడిచ్చిన పెద్ద సెలవు అనుకోవాలి, అప్పుడు తొందరపడకూడదు అన్నది సెనా వాదన. డ్రామా పేరు దాని మీద పెట్టిందే. సగటున 29.6 శాతం, చివరి ఎపిసోడ్‌కి 36.7 శాతం ప్రేక్షకులు చూశారు. ఆ సోమవారం రాత్రులు ఆఫీసు అమ్మాయిలెవరూ వీధుల్లో కనిపించరని అప్పట్లో చెప్పుకునేవారు.

ఇబ్బందులూ ఉన్నాయి. బొమ్మ పాతకాలం టీవీ కొలతలో చదరంగా ఉంటుంది. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు లేని రోజులు కాబట్టి సగం అపార్థాలు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్ చుట్టూ తిరుగుతాయి. ఇప్పటి పిల్లలకి "ఒక్క మెసేజ్ పెడితే పోయేది కదా" అనిపిస్తుంది. మినామి వయసు మీద వేసే జోకులు కొన్ని ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటాయి, ముప్పై ఒకటికే ఆమె సామాను సర్దుకోవాల్సిన మనిషి అయిపోయినట్టు మాట్లాడతారు. అయినా వయసు తేడాని అడ్డుగోడలా కాకుండా ఇద్దరు ఓడిపోయిన మనుషులు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే సందర్భంగా చూపించడంలో దీన్ని మిగతా నాలుగూ దాటలేదని నా అభిప్రాయం.

## కిమి వా పెట్టో: మొదటి రెండు ఎపిసోడ్లు ఓర్చుకుంటే

పేరులోనే పేచీ ఉంది. సుమిరే పెద్ద పత్రికలో జర్నలిస్టు. టోక్యో యూనివర్సిటీ, హార్వర్డ్ చదువు, పొడగరి, జీతం ఎక్కువ. సరిగ్గా ఈ గుణాలే భరించలేక కాబోయేవాడు వదిలేస్తాడు. ఆఫీసులోనూ స్థానం దిగజారుతుంది. ఒక రాత్రి తన అపార్ట్‌మెంట్ ముందు అట్టపెట్టెలో గాయపడి పడున్న కుర్రాడు దొరుకుతాడు. చిన్నప్పటి కుక్కపిల్ల పేరే అతనికీ పెట్టి, 'పెంపుడు జంతువు'గా ఉంటే ఇంట్లో ఉండొచ్చంటుంది. అతను సరేనంటాడు. అలా మోమో అవుతాడు.

చదువుతుంటేనే "ఇదేం చోద్యం" అనిపిస్తుంది కదా, చూస్తున్నప్పుడు కూడా మొదట్లో అలాగే ఉంటుంది. నిలదొక్కుకునేది సుమిరే పాత్ర మీద. ఆఫీసులో కన్నీళ్ళు పెట్టుకోవడం ఆమెకి రాదు. అందరూ ఆమెను గర్విష్టి అనుకుంటారు. ఇంటికొచ్చి మోమో తల రుద్ది షాంపూ చేస్తున్నప్పుడు మాత్రం ఆ భుజాలు కిందికి దిగుతాయి. కోయుకి ఆ మార్పుని ఒక్క మాట లేకుండా చూపిస్తుంది. మోమోగా చేసిన మత్సుమోతో జున్‌కి అప్పటికి నిండా ఇరవై కూడా లేవు, 'అరాషి' అనే పాప్ పాటల బృందం కుర్రాడు. అల్లరికీ వేదనకీ మధ్య గీత ఎక్కడుందో ఆ వయసుకే అతనికి తెలుసు.

అసలు పోటీ ఇంకో మగవాడితో. హసుమి ఆమె కంటే పొడుగు, ఎక్కువ చదివాడు, ఎక్కువ సంపాదిస్తాడు, మర్యాదస్థుడు. ఏ తల్లిదండ్రులైనా కళ్ళు మూసుకుని ఖాయం చేసే సంబంధం. అతని ముందు సుమిరేకి ఊపిరి ఆడదు, మోమో ముందు ఆడుతుంది. డ్రామా మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. హసుమిని విలన్‌ని చెయ్యకపోవడం దీని గొప్పతనం.

లోటు చెప్పాలంటే, మోమో డాన్సర్. అతని కలలకి కథలో దొరికే చోటు తక్కువ. ఆమె వైపు లోతుగా ఉంటే అతని వైపు పైపైన ఉంటుంది. ఇంకో మాట, ఇదే కథతో 2011లో కొరియన్ సినిమా, 2017లో జపాన్‌లోనే కొత్త డ్రామా వచ్చాయి. వెతికేటప్పుడు ఏడాది చూసుకోండి.

## అనెగో: ఆఫీసు తెలిసినవాళ్ళకి

నవోకోకి 32, ట్రేడింగ్ కంపెనీలో పదేళ్ళ సర్వీసు. ఆఫీసులో ఎవరికి ఏ కష్టమొచ్చినా అక్కా అంటూ ఆమె దగ్గరికే. కొత్తగా చేరిన కురోసావాకి 22. షినోహారా రియోకో, అకనిషి జిన్ ఈ జంట.

మొదటి సగం చాలా బాగుంటుంది. పర్మనెంట్ ఉద్యోగినులకీ కాంట్రాక్టు అమ్మాయిలకీ మధ్య లంచ్ టేబుల్ దగ్గరి చల్లని యుద్ధం, పెళ్ళిచూపుల తతంగం, ముప్పై దాటిన ఆడవాళ్ళని కంపెనీ చూసే చూపు, అన్నీ నిక్కచ్చిగా ఉంటాయి. రాసింది నకాజోనో మిహో. ఆఫీసుల్లో ఆడవాళ్ళ కథలు రాయడంలో తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న రచయిత్రి. ఆ తర్వాత కథ ఒకప్పటి సహోద్యోగిని కాపురం గొడవలోకి మళ్ళి బాగా బరువెక్కుతుంది, ఆత్మహత్య ప్రస్తావన కూడా ఉంది. ప్రేమకథ కోసం కూర్చున్నవాళ్ళకి కురోసావా అప్పుడప్పుడూ మాయమైపోయినట్టు ఉంటుంది. మనసు బాగోలేని రోజుల్లో దీన్ని పెట్టుకోకండి.

## క్యో వా కైషా యసుమిమాసు: తలనొప్పి లేనిది

ఒక్కసారి కూడా ప్రేమలో పడని హనాయెకి ముప్పయ్యో పుట్టినరోజు. ఆ రాత్రి తాగిన మత్తు దిగి తెల్లారి కళ్ళు తెరిచేసరికి పక్కన ఆఫీసులో పార్ట్‌టైమ్ చేసే 21 ఏళ్ళ కాలేజీ కుర్రాడు తనోకురా. "ఇవాళ ఆఫీసుకి రాను" అనడం తప్ప ఇంకేం మిగిలింది? డ్రామా పేరుకి అర్థం అదే.

అయసే హరుకా ఈ పాత్రని తనమీద తానే జోకులేసుకునేలా చేసింది, ఫుకుషి సోతా మొదటి నిమిషం నుంచీ మంచివాడే. గోల, ఏడుపులు, కుట్రలు పెద్దగా లేవు. అతను చదువుకుంటున్నాడు, ఆమె ఆలోచనలు పెళ్ళి దాకా వెళ్ళిపోయాయి. ఉన్న చిక్కంతా ఇద్దరి గడియారాలు కలవకపోవడమే. ఆ భాగం చివరి ఎపిసోడ్లలో నిజంగా తగులుతుంది. అందాకా ఆమె బెదురుచూపులు, తటపటాయింపులు కొంచెం ఎక్కువసార్లు తిప్పి తిప్పి చూపిస్తారు. ఓపిక లేనివాళ్ళకి నాలుగు, అయిదు ఎపిసోడ్ల దగ్గర ఆవలింత రావచ్చు.

## నిగేహాజి: పక్కకథే, కానీ మరిచిపోలేరు

ముందే చెప్తున్నాను, ఇందులో ముఖ్య జంట వేరు. జీతం తీసుకుని ఇంటిపని చేసే ఒప్పందం మీద పెళ్ళి చేసుకునే మికురి, హిరామాసాల కథ ఇది. అరగాకి యుయి, హోషినో గెన్ చేశారు. చివర్లో వచ్చే డాన్స్ జపాన్‌ని ఒక ఊపు ఊపింది. మనకి కావాల్సింది మికురి పెద్దమ్మ యురి. 49 ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, కాస్మెటిక్స్ కంపెనీలో పెద్ద బాధ్యత. ఆమెను ఇష్టపడే కజామి పదిహేడేళ్ళు చిన్న. ఇషిదా యురికో, ఒతాని రియోహెయ్.

పదకొండు ఎపిసోడ్లలో వీళ్ళకి దొరికే సమయం కొద్దిగానే. అయినా ఈ జాబితాలో దీన్ని పెట్టడానికి కారణం, మిగతా నాలుగూ దాటేసిన మాట ఇది ముఖం మీద అడుగుతుంది. మినామి ముప్పై ఒకటి, నవోకో ముప్పై రెండు, హనాయె ముప్పై. వాళ్ళని 'పెద్దవాళ్ళు' అనడమే ఒకరకంగా నాటకం. యాభైకి చేరువైన యురి దగ్గర ఆ సౌకర్యం లేదు. అతని మీద ఇష్టం ఉందని తెలిసీ మేనల్లుడి వయసువాడని తనకి తానే నచ్చజెప్పుకుంటుంది. ఒంటరిగా ఉన్నా దర్జాగా బతికే నాలాంటి మనిషిని చూస్తే చిన్నపిల్లలకి ధైర్యం వస్తుందని ఆమె అనే మాట ఉంది, అందులో ఎంత గర్వం ఉందో అంత అలసటా ఉంది.

చివరి ఎపిసోడ్‌లో కజామిని ఇష్టపడే ఒక కుర్ర అమ్మాయి యురి ఎదురుగా కూర్చుని, యాభై దగ్గరపడ్డాక కుర్రాడి వెంట పడటం ఎలా ఉంటుందని నవ్వుతూ అడుగుతుంది. యురి గొంతు పెంచదు. నువ్వు విలువ లేదని తోసిపారేస్తున్నది నువ్వు నడిచి చేరబోయే చోటే అంటుంది. మన చుట్టూ ఉన్న ఇలాంటి శాపాల నుంచి తొందరగా పారిపొమ్మని ఆ అమ్మాయికే సలహా ఇస్తుంది. కోపం తెచ్చుకోవాల్సిన మనిషి ఎదుటివాళ్ళ మీద జాలిపడితే ఎలా ఉంటుందో చూడాలంటే ఆ రెండు నిమిషాలు చాలు. నోగి అకికో స్క్రీన్‌ప్లే బలం మొత్తం అక్కడ కనిపిస్తుంది.

యురి సీన్ల కోసమే చూద్దామని ముందుకు జరుపుతూ పోకండి. మికురి కథ తెలియకపోతే ఆమె మాటల బరువు సగం పోతుంది.

## మరి మీకు ఏది?

జపనీస్ డ్రామా ఇదే మొదటిసారి అయితే 'క్యో వా కైషా యసుమిమాసు'తో మొదలుపెట్టడం సులువు. బొమ్మ కొత్తది, కథ తిన్నగా పోతుంది, సబ్‌టైటిల్ ఒకటి తప్పినా ఏమీ పోదు. గొప్ప డ్రామానా అంటే కాదు, అలవాటు చేసే డ్రామా.

ఉద్యోగం చేస్తూ, ఇంట్లో "ఇంకెప్పుడు?" అనే ప్రశ్న రోజూ వింటున్నవాళ్ళకి నా ఓటు 'కిమి వా పెట్టో'కి. సరైన సంబంధం, సుఖమైన మనిషి ఒకరే కానక్కర్లేదన్న గుంజాటన హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసే అమ్మాయికి సుమిరే కంటే తక్కువేం ఉండదు. అయితే అమ్మానాన్నలతో కలిసి కూర్చుని చూసేది కాదు. మొదటి ఎపిసోడ్‌లోనే అందరూ లేచి వెళ్ళిపోతారు. ఇంటిల్లిపాదీ చూడాలంటే 'నిగేహాజి' పెట్టండి. ఒప్పందం పెళ్ళి అన్నదాని మీద కాసేపు గొణుగుతారేమో కానీ రెండో ఎపిసోడ్‌కల్లా సర్దుకుంటారు. నలభై దాటినవాళ్ళకైతే యురి కోసం దీన్నే మొదట చెప్తాను.

సంభాషణలు, పాత్రల మధ్య నిశ్శబ్దాలు ఇష్టపడేవాళ్ళు, పాత బొమ్మకి విసుక్కోనివాళ్ళు నేరుగా 'లాంగ్ వెకేషన్'కి వెళ్ళిపోవచ్చు. ఏదో ఒక్కటే చూసే టైముందంటే నేనూ దాన్నే చూపిస్తాను. ఒక షరతు, దీన్ని చూశాక వెంటనే 2014 దానికి వెళ్ళకండి, చప్పగా తోస్తుంది. ఆ రెండింటి మధ్య కనీసం 'కిమి వా పెట్టో'ని పెట్టుకోండి.

'అనెగో' ఎవరికని అడిగితే, ఆఫీసు రాజకీయాలు ఒంటికి పట్టినవాళ్ళకి, విషాదం మీద భయం లేనివాళ్ళకి. ఆరో ఎపిసోడ్ దగ్గర ఆపేసి "ఇంతేనా" అనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళని తప్పుపట్టను.